కాలేజీ బేస్‌బాల్ జట్టు: ఐదేళ్ల రోస్టర్ చదివిన తరువాతే నిర్ణయం

ప్రశ్న: మేము హెచ్-1బి వీసా మీద టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు, హైస్కూలు జట్టులో కుడిచేతి పిచర్ (బంతి విసిరేవాడు). ఒక పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయపు డివిజన్ 1 (కాలేజీ ఆటలో పై స్థాయి) కోచ్, ఇంజినీరింగ్‌కు మంచి పేరున్న ఒక చిన్న డివిజన్ 3 కాలేజీ కోచ్ అతనితో మాట్లాడుతున్నారు. వాడి మనసంతా పెద్ద జట్టు మీదే ఉంది. మేము క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం, ఈ ఆట మాకు తెలియదు. ఆ జట్టు మా వాడికి తగినదో కాదో ఎలా తేల్చుకోవాలి? - ఒక తల్లి

జవాబు: ఆట తెలియకపోవడం ఇక్కడ పెద్ద లోటు కాదమ్మా. ఆ జట్టులో చేరిన పిల్లలు తరువాత ఏమయ్యారన్నదే మీరు చూడవలసిన విషయం. దానికి ఓపిక ఉంటే చాలు. కాలేజీల క్రీడా వెబ్‌సైట్లలో గత సంవత్సరాల రోస్టర్లు, అంటే ఆటగాళ్ల జాబితాలు, ఎవరైనా చూడగలిగేలా ఉంటాయి. ఐదేళ్ల జాబితాలు తీసుకుని, మొదటి ఏడాదిలో హైస్కూలు నుంచి నేరుగా చేరిన పిచర్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వారిలో ఎందరు రెండో ఏడాది కనిపించారు, ఎందరు మూడో ఏడాది, ఎందరు చివరిదాకా ఉన్నారు అన్నది ఒక్కో పేరు పక్కన గుర్తు పెట్టండి. తరువాత గణాంకాల పేజీలో ఆ పిల్లలు మొదటి ఏడాది ఎన్ని ఇన్నింగ్స్‌లో బంతి వేశారో చూడండి (బేస్‌బాల్ మ్యాచ్‌లో సాధారణంగా తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి). చివరగా ఈ ఏడాది జట్టులో ఉన్న పిచర్లలో ఎందరు వేరే కాలేజీల నుంచి వచ్చారో లెక్కించండి. ఒక సాయంత్రం కూర్చుంటే ఇది పూర్తవుతుంది. నన్ను అడిగిన ప్రతి కుటుంబం చేతా ముందు ఈ పని చేయిస్తాను, ఎందుకంటే కోచ్ మాటల్లో వినిపించనిది ఈ కాగితం మీద కనిపిస్తుంది.

ఉదాహరణకు ఎనిమిదిమంది చేరిన చోట మూడో ఏడాదికి ఇద్దరే మిగిలితే, ఆ ఆరుగురి గురించి కోచ్‌ను మర్యాదగా, పేర్లతో సహా అడగవచ్చు. ప్రతి నిష్క్రమణా చెడ్డది కాదు. నాలుగేళ్ల కాలేజీలో ఆడేవారు మూడో ఏడాది ముగిశాక, లేదా 21 ఏళ్లు వచ్చాక, మేజర్ లీగ్ డ్రాఫ్టుకు, అంటే ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియకు, అర్హులవుతారు. అలా ఎంపికై వెళ్లినవారు జట్టుకు గర్వకారణమే. అయితే 2021 నుంచి ఆ డ్రాఫ్టు 20 రౌండ్లకు కుదించుకుపోయింది కనుక, వెళ్లినవారందరూ అలాగే వెళ్లారని అనుకోవద్దు. ఎక్కువమంది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) ద్వారా వేరే కాలేజీకి మారతారు. ఏడాది పాటు ఆటకు దూరంగా ఉండకుండానే ఒకసారి మారే వీలు 2021లో కలిగింది; 2024 నుంచి చదువు సక్రమంగా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చు. దీనివల్ల పెద్ద జట్ల కోచ్‌లు పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని మూడేళ్లు సాకడం కంటే, వేరేచోట ఆడి నిరూపించుకున్న ఇరవై రెండేళ్ల యువకుడిని తెచ్చుకోవడానికి మొగ్గు చూపుతున్నారు. మీ అబ్బాయితో కోచ్ మనస్ఫూర్తిగానే మాట్లాడుతూ ఉండవచ్చు. అయినా రెండేళ్ల తరువాత ఆ కోచ్ అవసరాలు మారతాయి.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థకూ ఆటగాళ్లకూ మధ్య కుదిరి, 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ఈ పోటీని మరింత పెంచింది. అంతకుముందు ఒక డివిజన్ 1 జట్టుకు 11.7 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన మొత్తమే ఉండేది, దాన్ని చాలామందికి ముక్కలుగా పంచేవారు. ఇప్పుడు ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్‌ల పరిమితి తొలగింది కానీ, రోస్టర్ 34 మందికి తగ్గింది. అనుమతి ఉన్నంత మాత్రాన ప్రతి కాలేజీ 34 మందికీ డబ్బు ఇవ్వదు. అందువల్ల మీ కాలేజీ ఆ ఒప్పందంలో చేరిందా, నిజంగా ఎన్ని స్కాలర్‌షిప్‌లకు నిధులు ఉన్నాయి, మీ అబ్బాయికి ఇచ్చేది ఫీజులో ఎంత భాగం, అది ఒక్క ఏడాదికా నాలుగేళ్లకా అన్న ప్రశ్నలకు సమాధానం కాగితం మీద రావాలి. నోటిమాటగా ఇచ్చిన హామీ ఇరువైపులా ఎవరినీ కట్టిపడేయదు. డబ్బు కట్టి వెళ్లే క్యాంపుకు వచ్చిన ఆహ్వానం కూడా జట్టులో చోటు కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియక ఖర్చుపెట్టిన తల్లిదండ్రులను చూసి నాకు చాలా బాధ కలిగింది.

పిచర్ విషయంలో నేను అన్నిటికంటే గట్టిగా అడగమనేది చేయి గురించి. తల్లి తరఫున భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ పేరు మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థిగా ఉండగానే అతను డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా 19 స్ట్రైక్ అవుట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం) సాధించాడు, ఆ ఏడాది అతని జట్టు ఒమాహాలో కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిచింది. 2021 డ్రాఫ్టులో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో ఆటగాడిగా ఎంచుకుని, వైద్య పరీక్షల తరువాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది టెక్సస్ రేంజర్స్ మూడో ఆటగాడిగా తీసుకుంది. 2023లో మోచేతి లిగమెంటును సరిచేసే టామీ జాన్ శస్త్రచికిత్స జరిగి, 2024లో గానీ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టలేకపోయాడు. ఇందులో ఏ కాలేజీ తప్పూ ఉందని నేను అనడం లేదు. అంతటి ప్రతిభావంతుడి చేయి కూడా అంత సున్నితమైనదని మాత్రమే చెబుతున్నాను. ఆ శస్త్రచికిత్స తరువాత కోలుకోవడానికి సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనలు 17, 18 ఏళ్లవారికి రోజుకు 105 బంతుల హద్దు పెట్టాయి. కాలేజీలోకి వచ్చాక మాత్రం ఆ హద్దు చాలావరకు కోచ్ విచక్షణే. అందుకే ఆ జట్టు పిచర్ ఒకరిని ఎంచుకుని, ఒక నెల మ్యాచ్‌ల వివరాలలో అతను ఎన్ని రోజుల విరామంతో బంతి వేశాడో చూడండి. గత మూడేళ్లలో ఎందరికి మోచేయి, భుజం శస్త్రచికిత్సలు జరిగాయి, ఖర్చులో మీ కుటుంబ ఇన్సూరెన్స్ వాటా ఎంత, కోలుకునే కాలంలో స్కాలర్‌షిప్ కొనసాగుతుందా అన్నవి సూటిగా అడగండి.

చదువు సంగతికి వస్తే, డివిజన్ 1 జట్టు ఫిబ్రవరి మధ్య నుంచి 56 మ్యాచ్‌ల వరకు ఆడుతుంది. సీజన్‌లో వారానికి 20 గంటల పరిమితి ఉన్నా, ప్రయాణం ఆ లెక్కలోకి రాదు. ఇంజినీరింగ్ ల్యాబులు తరచుగా మధ్యాహ్నమే, ప్రాక్టీసు కూడా అప్పుడే. రోస్టర్‌లో ఎందరు ఇంజినీరింగ్ చదువుతున్నారో చూస్తే మీకు జవాబు దొరుకుతుంది.

మీ వీసా విషయాన్ని కోచ్‌లు తమంతట తాము ప్రస్తావించకపోవచ్చు. మీ అబ్బాయికి 21 ఏళ్లు నిండగానే మీ వీసాపై ఆధారపడిన హెచ్-4 హోదా ముగుస్తుంది, అంటే కాలేజీ మధ్యలోనే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారవలసి రావచ్చు. ఫెడరల్ ఆర్థిక సాయానికి అతనికి అర్హత ఉండదు, కాలేజీ తన నిధుల నుంచి ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఈ అడ్డంకి లేదు. ఇప్పుడు కొన్ని కాలేజీలు ఆటగాళ్లకు చెల్లించే ఆదాయ వాటా, ప్రకటనల సొమ్ము మాత్రం వీసా నిబంధనలతో చిక్కు తెచ్చిపెట్టగలవు. ఇమ్మిగ్రేషన్ న్యాయవాది చదవకుండా అలాంటి కాగితం మీద సంతకం చేయనివ్వకండి.

డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. మార్కుల ఆధారంగా, కుటుంబ ఆదాయం ఆధారంగా సాయం ఉంటుంది. మీ వీసాతో అది వర్తిస్తుందో లేదో ఆ కాలేజీ అడ్మిషన్ల కార్యాలయాన్ని అడగాలి. మీరు చెప్పినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది: పెద్ద జట్టు రోస్టర్‌లో హైస్కూలు నుంచి వచ్చిన పిచర్లలో సగం మందైనా మూడో ఏడాది వరకు నిలవకపోతే, నేను మీ స్థానంలో ఉంటే చిన్న కాలేజీ వైపే మొగ్గుతాను. అక్కడ మీ అబ్బాయి బంతి వేసే అవకాశం, ఇంజినీరింగ్ పూర్తి చేసే అవకాశం రెండూ ఎక్కువ. అతని మనసు మారాలంటే మీరు వాదించవద్దు. ఆ ఐదేళ్ల జాబితాలను అతని చేతనే తయారు చేయించండి, కోచ్‌లకు ఈ ప్రశ్నలన్నీ అతనే స్వయంగా ఫోన్‌లో అడిగేలా చూడండి. జట్టు విడిచి వెళ్లిన పిచర్లలో ఇద్దరితోనైనా అతను మాట్లాడిన తరువాత మళ్లీ రాయండి. వారు చెప్పినదాన్ని మనం కలిసి పరిశీలిద్దాం.