టెక్ సందేహాలు: ఐసీయూ నుంచి కోడింగ్ వైపు

ప్రశ్న: ఐసీయూలో స్టాఫ్ నర్సుగా ఎనిమిదేళ్ల నుంచి చేస్తున్నాను. నైట్ డ్యూటీలతో ఒళ్లు హూనమైపోతోంది. సాఫ్ట్‌వేర్‌లోకి రావాలనుంది కానీ, ఈ వయసులో మళ్లీ ఓనమాలు దిద్దాలా అని భయం. ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి? ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి?

జవాబు: ఓనమాలు దిద్దాల్సింది కోడింగ్‌లోనే. మిగతాది మీకిప్పటికే వచ్చు. ఆ మిగతాది ఎంతో చెప్పడానికి మీ వార్డు లెక్కే ఒకటి తీసుకుందాం.

పిల్లలకు పారాసిటమాల్ సిరప్ డోసు చెప్పే చిన్న ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. కిలోకు 15 మిల్లీగ్రాములు, బిడ్డ బరువు 12 కిలోలు. అంటే 180 మిల్లీగ్రాములు. కోడింగ్ మాత్రమే తెలిసిన కుర్రాడైతే గుణకారం రాసేసి పని అయిపోయిందంటాడు. మీరు వెంటనే 'ఏ సిరప్?' అని అడుగుతారు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సీసా అయితే 7.5 మిల్లీలీటర్లు పోయాలి. 250 ఉన్నదైతే 3.6 చాలు. బరువు దగ్గర 12 బదులు పొరపాటున 120 కొడితే? మొదటి సిరప్ లెక్కన తెర మీద 75 మిల్లీలీటర్లని వస్తుంది. ఆ అంకె చూడగానే మీరు ఉలిక్కిపడతారు. ప్రోగ్రాం ఉలిక్కిపడదు, దానికి ఆ పని మీరే నేర్పాలి. బరువు పౌండ్లలో ఇస్తే ఏం చేయాలి, ముందు డోసు ఎన్నింటికి ఇచ్చారు, 24 గంటల్లో ఇది ఎన్నోది... ఇవన్నీ మీకు కొట్టినపిండి. సాఫ్ట్‌వేర్ వాళ్లు వీటినే 'రిక్వైర్‌మెంట్స్' అంటారు. వాటిని రాబట్టడానికి మీటింగుల మీద మీటింగులు పెట్టుకుంటారు.

కాబట్టి పైథాన్‌తో మొదలుపెట్టి, మొదటి ప్రోగ్రాంగా ఇదే రాయండి. నేర్చుకోవడానికే సుమా, అసలు పేషెంటు దగ్గర వాడటానికి కాదు. రాసేటప్పుడు ఒక వింత కూడా కనిపిస్తుంది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ దశాంశాలను బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే దాచుకోవడం వల్ల వచ్చే తేడా ఇది. కచ్చితమైన దశాంశ లెక్కల కోసం పైథాన్‌లోనే 'డెసిమల్' అనే మాడ్యూల్ (ముందే రాసిపెట్టిన కోడు) ఉంది. పాఠంలో ఇలాంటివి చదివి మర్చిపోతాం. డోసు లెక్కలో ఎదురైతే మాత్రం గుర్తుండిపోతాయి.

పైథాన్ కాస్త చేతికి వచ్చాక, డేటాబేస్ నుంచి సమాచారం అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్ పట్టుకోండి. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఏదైనా చివరికి డేటాబేస్ మీదే నిలబడుతుంది. ఆ తర్వాత ఫైర్ (FHIR) అనే ప్రమాణం గురించి చదవండి. ఒక ఆస్పత్రి సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పేషెంటు సమాచారం పంపుకోవడానికి హెచ్‌ఎల్‌7 సంస్థ తయారుచేసిన పద్ధతి ఇది. అందులో 'పేషెంట్', 'అబ్జర్వేషన్', 'మెడికేషన్ రిక్వెస్ట్' లాంటి పేర్లు చూస్తే పాత స్నేహితులు కనిపించినట్టే ఉంటుంది మీకు.

ల్యాప్‌టాప్ గురించి ఎక్కువ ఆలోచించకండి. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా సరిపోతుంది. నేర్చుకునే దశలో 8 జీబీతోనూ గడిచిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. డబ్బు మిగిలితే మంచి కుర్చీ కొనుక్కోండి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఇప్పుడే రాజీనామా చేయకండి. నైట్ డ్యూటీ దిగి వచ్చి పుస్తకం ముందు కూర్చోకండి, ముందు నిద్రపోండి. డ్యూటీకి వెళ్లే ముందు ముప్పావు గంట, సెలవు రోజున రెండు మూడు గంటలు చాలు. కొత్తవాళ్లకు మొదటి ఉద్యోగం దొరకడం ఇప్పుడు తేలిక కాదు, ఏడాదికి పైగా పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే నేరుగా డెవలపర్ పోస్టులకే కాకుండా, ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం, ఆస్పత్రుల్లో దాన్ని అమర్చి సిబ్బందికి నేర్పించడం లాంటి ఉద్యోగాలకూ అప్లై చేయండి. అక్కడ మీ ఎనిమిదేళ్లకు విలువ ఉంటుంది. ఇంకో సంగతి, సాఫ్ట్‌వేర్‌లోనూ అర్ధరాత్రి సర్వర్ పడిపోయిందని ఫోన్లు వస్తాయి. మీ బాధంతా నైట్ డ్యూటీ ఒక్కటే అయితే, పగటి పూట మాత్రమే ఉండే ఓపీ డ్యూటీకి మారే దారి ఉందేమో ముందు అడిగి చూడండి.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పైథాన్ నేర్చుకుంటూ మా ల్యాబ్ రిపోర్టుల ఎక్సెల్ ఫైల్‌తో ఒక ప్రాజెక్టు చేశాను. పేషెంట్ల పేర్లు తీసేశాను. కోడు అందరికీ కనిపించేలా పెట్టే గిట్‌హబ్ సైట్‌లో పెట్టొచ్చా?

జవాబు: దయచేసి పెట్టకండి. పేరు తీసినంత మాత్రాన మనిషి మాయం కాడు. పుట్టిన తేదీ, శాంపిల్ తీసిన సమయం, అరుదైన టెస్టు, ఈ మూడూ కలిస్తే ఎవరో పట్టేయొచ్చు. పైగా ఆ డేటా మీది కాదు, మిమ్మల్ని నమ్మి రక్తం ఇచ్చినవాళ్లది. ఇప్పటికే అప్‌లోడ్ చేసి ఉంటే, ఫైల్ డిలీట్ చేసి ఊరుకోకండి. పాత కమిట్‌లలో, అంటే ముందు దాచిన మార్పుల చరిత్రలో, అది అలాగే ఉంటుంది. రిపాజిటరీ (ఆ ప్రాజెక్టు ఫోల్డరు) మొత్తం తీసేసి, మీ ల్యాబ్‌లో బాధ్యులకు విషయం చెప్పండి. ఆ సంభాషణ కష్టమే, తప్పదు.

ప్రాక్టీసు కోసం సింథియా అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. లేని పేషెంట్లను సృష్టించి, వాళ్ల జబ్బులు, టెస్టులు, మందులతో సహా రికార్డులు తయారుచేసి ఇస్తుంది. దాని మీద మీ ప్రాజెక్టు మళ్లీ కట్టండి. పొటాషియం 7 దాటితే ఎర్ర రంగులో చూపించడం ఎవరైనా చేస్తారు. శాంపిల్‌లో ఎర్ర రక్తకణాలు పగిలిపోతే (హిమోలైసిస్) పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని మీకు తెలుసు. హిమోలైసిస్ అయిందని నమోదైన శాంపిల్‌కి 'మళ్లీ తీసి చూడండి' అని చెప్పే ప్రోగ్రాం రాయండి. ఇంటర్వ్యూలో దాని గురించి మాట్లాడండి.

ప్రశ్న: ఫార్మసిస్టుని. కోడంతా ఏఐ రాసేస్తోందట కదా, ఇప్పుడు నేర్చుకోవడం దండగ అంటున్నారు. నిజమేనా?

జవాబు: మామూలు కోడు అది బాగానే రాస్తుంది, వాడుకోండి. రాసింది సరైనదా కాదా చెప్పగల మనిషి మాత్రం కావాలి.

థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం సంగతి చదవండి. 1985-87 మధ్య దాని కింద ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది, కొందరు చనిపోయారు. పాత మోడళ్లలో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి ఆ భారం సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. ఆపరేటర్ పొరపాటున కొట్టిన అక్షరాన్ని చకచకా సరిచేస్తే, ఆ మార్పును సాఫ్ట్‌వేర్ పూర్తిగా పట్టుకోలేకపోయేది. తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చేది. దాని అర్థమేమిటో మాన్యువల్‌లో లేదు. ఇలాంటి మెసేజీలు రోజూ వచ్చేవే కాబట్టి ఆపరేటర్లు ఒక మీట నొక్కి ముందుకు సాగేవాళ్లు.

కౌంటర్‌లో రద్దీగా ఉన్నప్పుడు వచ్చే అలర్ట్‌లను చదవకుండా నొక్కేయడం ఎలా జరుగుతుందో మీకు అనుభవమే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న మనిషికి, రక్తస్రావం ముప్పు పెంచే యాస్పిరిన్ కూడా రాసిన చీటీ వస్తే హెచ్చరిక చూపించే కోడు ఏఐతో రాయించండి. అదే మందు వేరే బ్రాండు పేరుతో వస్తే పట్టుకుంటుందా, రెండు చీటీలు ఇద్దరు డాక్టర్లు రాస్తే కలిపి చూస్తుందా అని పరీక్షించండి. తప్పిన చోటల్లా, ఎందుకు తప్పిందో ఆ కోడు చదివి మీరే కనుక్కునే దాకా నేర్చుకోండి.