ఘటన నాటికి 17, వచ్చే నెల 18 నిండుతుంది: కేసు పెద్ద కోర్టుకు పోతుందా?

నర్సంపేట నుంచి మీరు అడిగింది: కొట్లాట కేసులో మీ తమ్ముడి మీద హత్యాయత్నం సెక్షన్ పెట్టారు, అప్పటికి వాడికి 17 ఏండ్లు, 18 నిండితే జువెనైల్ బోర్డు చేతులు దులుపుకుంటుందా అని.

దులుపుకోదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చూసేది ఘటన రోజున ఉన్న వయసునే. విచారణ మధ్యలో 18 నిండినా బోర్డే దాన్ని ముగిస్తుంది, అది 5వ సెక్షన్. అప్పటి ఘటనకు 20 ఏండ్లప్పుడు పట్టుకున్నా 6వ సెక్షన్ కింద బోర్డు ముందుకే తేవాలి.

ఈ కేసులు ఎక్కువగా చెడేది వయసు దగ్గర. స్టేషన్‌లో ఆధార్ చూసో, నోటిమాట మీదో "19" అని రాస్తారు. రిమాండ్ రిపోర్టులోకి అదే ఎక్కుతుంది, పిల్లగాడు జైలుకు పోతాడు. ఇంటివాళ్లేమో బెయిల్ కోసం తిరుగుతారు గానీ వయసు సంగతి ఎత్తరు. 94వ సెక్షన్‌లో వరుస స్పష్టంగా ఉంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో, అవి లేకుంటేనే మున్సిపాలిటీ లేదా పంచాయతీ బర్త్ సర్టిఫికెట్, అదీ లేకుంటేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలోనే లేదు. మెమో ఒరిజినల్ ఇంటర్ కాలేజీలో ఉండిపోతే ఇవాళే అడిగి తెచ్చుకోండి. అందులోని పేరు, తండ్రి పేరు ఎఫ్‌ఐఆర్‌తో అక్షరం అక్షరం సరిచూడండి, తేడా ఉంటే వకీలుకు ముందే చెప్పండి. వయసు తప్పు పడితే కేసు ఉన్న కోర్టులోనే 9వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. తీర్పు వచ్చాక కూడా వేయొచ్చు.

ఇక హత్యాయత్నం మాట. 16 నిండినవాళ్లను బోర్డు ప్రాథమిక అంచనా తర్వాత చిల్డ్రన్స్ కోర్టుకు, అంటే పెద్దవాళ్లలా విచారించగల సెషన్స్ స్థాయి కోర్టుకు, పంపే వీలున్నది ఘోర నేరాల్లోనే. కనీస శిక్ష 7 ఏండ్లు అని రాసి లేని నేరం ఆ కోవలోకి రాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. హత్యాయత్నానికి అలాంటి కనీస శిక్ష లేదు. కాబట్టి మీ తమ్ముడి కేసు బోర్డులోనే ఉండాలి. నేరం రుజువైనా స్పెషల్ హోమ్‌లో (పిల్లల సంస్కరణ గృహంలో) గరిష్ఠంగా 3 ఏండ్లు. చిల్డ్రన్స్ కోర్టుకు పోయిన కేసుల్లో సైతం 21 నిండేదాకా జైల్లో పెట్టరాదు.

విచారణ గడువు మొదట హాజరుపరచిన రోజు నుంచి 4 నెలలు, కారణం రాసి ఇంకో 2 నెలలు. అప్పటికీ తేలకపోతే చిన్న నేరాల కేసులు మూసేస్తారు. మీది ఆ కోవ కాదు, సీజేఎం (చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్) గడువు పెంచవచ్చు. అందుకే వాయిదా తప్పకండి.

బెయిల్ షరతు తీర్చలేక 7 రోజులు దాటితే, షరతు మార్చడానికి పిల్లగాడిని మళ్లీ బోర్డు ముందు పెట్టాలి. ఇది వకీళ్లే మరిచిపోతుంటారు, మీరే గుర్తుచేయండి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. పిల్లల కేసుకు ఆదాయం అడగరు.