లోన్ తీసుకోవాలా, సిప్ ఆపాలా? ముందు ఆ గదుల లెక్క చూద్దాం

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగాల వల్ల చెన్నై షోలింగనల్లూరులో ఉంటున్నాం. అద్దె, కారు ఈఎంఐ, నెలకు 15,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పెట్టుబడి), ఇంటి ఖర్చులు పోను 8,000 దాకా మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉంది, అందులో 42,000 జూన్‌లో పిల్లల స్కూలు ఫీజుకి. అత్యవసరానికని 2 లక్షల ఎఫ్‌డీ విడిగా ఉంది. మే నెలలో అత్తగారు, మామగారు వస్తున్నారు. ఆరుగురం సెవెన్ సీటర్ అద్దెకు తీసుకుని ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదుగా మహాబలిపురం, పాండిచ్చేరి, వేలాంకణ్ణి తిరిగి రావాలని అనుకుంటున్నాం. శనివారం బయల్దేరి ఐదు రోజులు. 80,000 అవుతుందని లెక్క తేలింది. బ్యాంకు యాప్‌లో ప్రీ అప్రూవ్డ్ లోన్ కనిపిస్తోంది, 14 శాతమే కదా, ఏడాదిలో కట్టేద్దాం అంటున్నారు మా వారు. రెండు నెలలు సిప్ ఆపితే చాలని నేనంటున్నాను. ఎవరిది కరెక్టు?

జవాబు: మీ ఇద్దరిలో ఒకరి పక్షం తీసుకోక తప్పదంటే మీ వైపే, అదీ సగమే. కానీ అమ్మా, ముందు ఆ 80,000 దగ్గర ఆగాలి, ఎందుకంటే మీరు పంపిన కాగితంలో ఒక చోట ఖర్చు బాగా ఎక్కువ, ఇంకో చోట బాగా తక్కువ వేసుకున్నారు.

ఎక్కువ ఎక్కడంటే గదుల దగ్గర. శనివారం రాత్రి మహాబలిపురం రిసార్టులో 9,500 చొప్పున రెండు గదులు, పాండిచ్చేరిలో 6,500 చొప్పున రెండు రాత్రులకు రెండేసి గదులు, వేలాంకణ్ణిలో 2,500 చొప్పున రెండు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే ఆ రిసార్టు గది మీకు 9,500కి కాదు, 11,210కి పడుతుంది, రెండింటికీ 22,420. అన్నీ కలిపితే గదులకే దాదాపు 55,000. ఇంతకీ షోలింగనల్లూరు నుంచి మహాబలిపురం ఎంత దూరమని? పొద్దున్నే బయల్దేరితే గంటలో అక్కడుంటారు. మీ ఇంటి నుంచి గంట దూరంలో పడుకోవడానికి 22,000 ఎందుకు?

ఇక తక్కువ వేసుకున్నది తిండి, పెట్రోలు. కారు అద్దె 14,000 పోను పెట్రోలు, టోలు, భోజనాలు అన్నిటికీ కలిపి 11,000 అని రాశారు. రానూపోనూ, ఊళ్లలో తిరగడం కలిపి 750 కిలోమీటర్లు వేసుకుంటే, ఏసీ వేసుకుని ఆరుగురు కూర్చున్న పెద్ద బండి లీటరుకు 12 ఇచ్చిందనుకున్నా, లీటరు 105 చొప్పున 6,500 పెట్రోలుకే పోతుంది. మిగిలిన 4,500తో ఆరుగురు ఐదు రోజులు తినడం అయ్యే పని కాదు. సముద్రం పక్కనే కదా, చేపలు చవగ్గా దొరుకుతాయి అనుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం, మంచి చేపలు ధర పలికేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మనిషికి రోజుకు 500 చొప్పున తీసిపెట్టండి. టోలు, చిల్లర ఖర్చులకు ఇంకో 3,500 కలిపితే మీ ప్లాన్ నిజంగా పూర్తయ్యేది 80,000తో కాదు, 94,000 చుట్టుపక్కల. ఆ తేడా క్రెడిట్ కార్డు మీద పడేది, మీరు గమనించేలోపు బిల్లు వచ్చేది. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

నేనైతే శనివారం కాకుండా ఆదివారం తెల్లవారుజామున బయల్దేరతాను. మహాబలిపురం తీర దేవాలయం ఆరింటికే తెరుస్తారు. టికెట్ మనిషికి 40 రూపాయలు, అదే టికెట్‌తో ఆ రోజు పంచ రథాలు కూడా చూడొచ్చు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు. అంటే యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోటు మీ కుటుంబానికి మొత్తం 160 రూపాయలు! ఎండ ముదరకముందే టిఫిన్ కానిచ్చి, మరక్కాణం ఉప్పు మళ్ల మీదుగా మధ్యాహ్నానికి పాండిచ్చేరి చేరిపోవచ్చు. దారిలో కడప్పాక్కం దగ్గర ఆలంపరై కోట శిథిలాలున్నాయి, పిల్లలకు ఓపిక ఉంటే ఆగండి, పెద్దవాళ్లను మాత్రం ఆ ఇసుకలో నడిపించకండి. మే అంటే ఇక్కడి వాళ్లు చెప్పే కత్తిరి (మండుటెండల) రోజులు, పదకొండు దాటాక నాలుగు దాకా గదిలోనే ఉండాలి. అందుకని హోటల్ వాళ్లను ముందే ఫోన్‌లో అడగండి, పన్నెండింటికి గది ఇస్తారా, దానికి అదనంగా తీసుకుంటారా అని.

ఆదివారం సాయంత్రానికి వీకెండ్ జనమంతా చెన్నై తిరుగుముఖం పడతారు, మీరు సరిగ్గా అప్పుడు అక్కడుంటారు. మీరు వీకెండ్ ధర 6,500 వేసుకున్న గదే ఆది, సోమవారాల్లో 4,000కు అటూ ఇటూగా దొరికే అవకాశం ఎక్కువ, వైట్ టౌన్ (పాత ఫ్రెంచి వాడ) వీధుల్లోనే ఉండాలని పట్టు పట్టకపోతే ఇంకా సులువు. రెండు గదులు, రెండు రాత్రులు, పన్నుతో 16,800. మంగళవారం పొద్దున్నే కడలూరు మీదుగా చిదంబరం వెళ్లండి, గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ముందు దర్శనం. ఎండ తగ్గాక తరంగంబాడిలో డెన్మార్క్ వాళ్లు 1620లో కట్టిన కోట ముందు కాసేపు కూర్చుని, కారైకాల్ మీదుగా రాత్రికి వేలాంకణ్ణి చేరండి. పిచ్చావరం మడ అడవుల్లో బోటు బాగుంటుంది కానీ అదీ, తరంగంబాడీ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మామగారికి నడుం నొప్పి ఖాయం, ఏదో ఒకటి వదిలేయండి. వేలాంకణ్ణిలో చర్చి వాళ్ల సొంత వసతి గదులున్నాయి, బయటి లాడ్జీలకన్నా ముందు అక్కడ ప్రయత్నించండి. దొరక్కపోయినా రెండు గదులకు 4,200లో ఆగాలి. బుధవారం పొద్దున్నే తిరుగు ప్రయాణం.

ఇప్పుడు కూడండి. గదులు 21,000, కారు 14,000, పెట్రోలు 6,500, నాలుగు రోజుల తిండి 12,000, టోలు, బోటు, పార్కింగు, చిల్లర ఖర్చులకు 3,500. మొత్తం 57,000. ఊళ్లలో ఒక్క మహాబలిపురం రాత్రి తప్ప ఏమీ పోలేదు.

బండి గురించి రెండు మాటలు. డ్రైవరుతో సహా తీసుకుంటే హాయి కదా అని అడుగుతారేమో. ఇక్కడి ట్రావెల్స్ వాళ్లు చాలామంది బయటి ఊళ్లకు రోజుకు కనీసం 250 కిలోమీటర్ల లెక్క కడతారు, మీరు తిరిగినా తిరక్కపోయినా. పాండిచ్చేరిలో బండి నీడన నిలిపి ఉంచిన సోమవారానికి కూడా 250 కిలోమీటర్ల డబ్బు, పైగా డ్రైవరు బేటా (రోజువారీ భత్యం). తీరం వెంట మెల్లగా తిరిగే ప్రయాణానికి అది గిట్టుబాటు కాదు, మీ వారు నడపగలిగితే సెల్ఫ్ డ్రైవే నయం. కాకపోతే డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి వేస్తారు, గీత పడితే మీరు కట్టాల్సింది ఎంతవరకు, పాండిచ్చేరి, కారైకాల్ ప్రవేశానికి పర్మిట్ ఖర్చు ఎవరిది, ఇవి రాతపూర్వకంగా తీసుకోండి. బండి చేతికిచ్చేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయండి, టైరు అంచులు, బంపరు కింద భాగం కూడా. తెలిసినవాళ్ల తెల్ల నంబరు ప్లేటు (సొంత వాడకం) బండి అద్దెకు మాత్రం వద్దు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చెయ్యి దులుపుకుంటారు. పాండిచ్చేరిలో పెట్రోలు కొన్ని రూపాయలు తక్కువ, యానాం వెళ్లి ట్యాంకు నింపుకొచ్చే గోదావరి జిల్లాల వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. దారిలో ఎలాగూ ఉంది కాబట్టి అక్కడే పోయించుకోండి, మహా అయితే రెండు మూడొందలు మిగులుతుంది.

ఇక డబ్బు ఎక్కడిది? ఖాతాలో ఫీజు పోను 18,000 ఉంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ జీతాల్లో మిగిలేది 24,000. అంటే చేతిలో 42,000, తక్కువపడేది 15,000. అచ్చంగా ఒక నెల సిప్.

మీ వారు చెప్పిన లోన్ తీసుకుంటే 80,000కు 14 శాతం మీద ఏడాదికి నెల వాయిదా దాదాపు 7,180, వడ్డీ 6,200 దాకా. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీతో ఇంకో 1,900. ఎనిమిది వేలు పోతే పోయింది అనొచ్చు, నాకు దానికన్నా భయం వేసేది జూన్. స్కూలు ఫీజు, యూనిఫాంలు, పుస్తకాలు వచ్చే నెలలోనే వాయిదా కూడా మొదలవుతుంది, మీకు నెలకు మిగిలేది 8,000, అందులో 7,180 వెళ్లిపోతే వచ్చే మే దాకా ఏ పిల్లవాడికి జ్వరం వచ్చినా కార్డు గీకాల్సిందే. ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లకండి.

సిప్ ఆపడం పాపమేమీ కాదు. 15,000 ఏడాదికి 12 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే, గ్యారంటీ ఏమీ లేదు కానీ, పదిహేనేళ్లకు 82,000 అవుతుంది. రెండు నెలలు ఆపితే దానికి రెట్టింపు. అందుకే ఒక్క నెల చాలు అంటున్నాను. దాన్ని కూడా పూడ్చేయొచ్చు, ఆగస్టు నుంచి ఆరు నెలలు 2,500 అదనంగా వేయండి. మామగారు పెట్రోలు నేను పోయిస్తానంటే మొహమాటపడి వద్దనకండి, అప్పుడు ఆ ఆరు నెలలు నాలుగవుతాయి.

ఒక జాగ్రత్త. ఖాతాలో డబ్బు లేకుండా చేసి సిప్ ఫెయిల్ అవనివ్వడం, ఆపడం ఒకటి కాదు. అలా చేస్తే బ్యాంకు బౌన్స్ ఛార్జీ వేస్తుంది, నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు ఫెయిలైతే పూర్తిగా రద్దవుతుంది. ఫండ్ వాళ్ల యాప్‌లో పాజ్ అని ఉంటుంది, రద్దు నొక్కకుండా అది ఎంచుకుని ఒక్క వాయిదాకే పెట్టండి. ఆ రిక్వెస్టు కొన్ని రోజుల ముందే చేరాలి. మీ సిప్ తేదీ 10 అని రాశారు, మే నెల వాయిదా ఆగాలంటే ఏప్రిల్ 15 లోపలే పెట్టేయండి.