పదకొండు పుస్తకాల జాబితాలో మీకు నిజంగా కావలసినవి ఎన్ని?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఒక ఏరియా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ (కాన్పు సంరక్షణ) శిక్షణకు ఎంపికయ్యాను. సీనియర్లు 11 పుస్తకాలు, 3 జర్నళ్ల పేర్లు రాసిచ్చారు. అన్నీ కొనే స్తోమత లేదు. ఇంటర్ వరకు తెలుగు మీడియం కావడంతో ఇంగ్లిష్ జర్నళ్లంటే భయంగానూ ఉంది. పైగా, రుసుము కడితే నా వ్యాసాన్ని అంతర్జాతీయ జర్నల్‌లో ప్రచురిస్తామని ఒక మెయిల్ వచ్చింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీరు కొనవలసింది ఒకే ఒక్క పుస్తకం. మీ దగ్గర ఇప్పటికే ఉండి ఉండే పుస్తకం ఒకటి ఉంది, దాన్ని అమ్మేయకండి. మిగిలినవాటిలో కొన్ని లైబ్రరీలో చూసుకోవచ్చు, కొన్ని ఉచితంగా దొరుకుతాయి, కొన్ని అసలు అవసరం లేదు. జర్నళ్లకు సొంత డబ్బుతో చందా కట్టవద్దు. ఇలా ఎందుకు చెబుతున్నానో తెలిస్తే రేపు మరెవరైనా మరో జాబితా ఇచ్చినప్పుడు మీరే ఎంచుకోగలుగుతారు.

పుస్తకాన్ని చూడగానే అది ఎవరు ఎవరి కోసం రాసినదో గమనించండి. మన దేశంలో మిడ్‌వైఫరీ చాలాకాలం నర్సింగ్ చదువులో ఒక భాగంగానే ఉండిపోయింది కాబట్టి, బీఎస్సీలో ఓబీజీ (ప్రసూతి, స్త్రీవ్యాధుల పాఠం) అనగానే మీ చేతికి వచ్చింది బహుశా దత్తా గారి ఆబ్‌స్టెట్రిక్స్ పుస్తకమే అయి ఉంటుంది. అది వైద్యుడు వైద్య విద్యార్థుల కోసం రాసిన పుస్తకం; ఆ పనికి అది చాలా మంచి పుస్తకం. అయితే దాని బలమంతా కాన్పు దారి తప్పినప్పుడు ఏం చేయాలన్న దగ్గర ఉంటుంది. మీ శిక్షణ ఉద్దేశం వేరు. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో విడుదల చేసిన మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాల ప్రకారం, ఇబ్బందులేవీ లేని గర్భిణికి మొదటి నుంచి చివరి వరకు తోడుండి సహజంగా కాన్పు జరిగేలా చూడడం, దారి తప్పుతున్న సూచన కనిపించగానే గుర్తించి వైద్యులకు అప్పగించడం మీ పని. అంతకు ముందే, 2017లోనే, తెలంగాణ ఇటువంటి శిక్షణను కరీంనగర్‌లో మొదలుపెట్టింది. ఆ తొందర ఎందుకో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) అంకెలు చూస్తే తెలుస్తుంది: సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. అంటే, సహజ కాన్పు తన వేగంతో తాను సాగడాన్ని తీరికగా చూసే అవకాశం మన నర్సులకు మిగతా రాష్ట్రాల వారికన్నా తక్కువ. ఆ లోటు పూడ్చే పుస్తకమే మీకు కావాలి.

అందుకే నా ఓటు మైల్స్ టెక్స్ట్‌బుక్ ఫర్ మిడ్‌వైవ్స్‌కు. స్కాట్లండ్‌కు చెందిన మార్గరెట్ మైల్స్ 1953లో తొలిసారి వెలువరించిన ఈ పుస్తకం తరువాతి సంపాదకుల చేతుల్లో మారుతూ వచ్చి, 2020లో 17వ ముద్రణకు చేరింది. నొప్పుల సమయంలో తల్లి పక్కన ఎలా ఉండాలి, ఏ భంగిమ ఎందుకు మేలు చేస్తుంది, ఎప్పుడు చేయి పెట్టకుండా ఊరుకోవాలి అన్న విషయాలను ఇది తీరుబడిగా చెబుతుంది. బ్రిటన్ చట్టాలు, అక్కడి ఆరోగ్య వ్యవస్థ గురించిన భాగాలను మీరు నిస్సంకోచంగా వదిలేయవచ్చు. రక్తహీనత దగ్గర మాత్రం జాగ్రత్త వహించాలి. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. బ్రిటిష్ పాఠకుల కోసం రాసిన పుస్తకంలో దానికి మన అవసరానికి తగినంత చోటు ఉండదు. ఆ అధ్యాయానికి, గుర్రపువాతం (రక్తపోటుతో వచ్చే మూర్ఛలు, ఎక్లాంప్సియా) అధ్యాయానికి తిరిగి దత్తా దగ్గరకే వెళ్లండి. మీ జాబితాలో మేయస్ మిడ్‌వైఫరీ ఉంటే, అది మైల్స్ కోవలోని పుస్తకమే కనుక రెండూ కొనడం దండగ. అమెరికా నుంచి వచ్చే వార్నీస్ మిడ్‌వైఫరీని లైబ్రరీలో తిరగేస్తే చాలు. ప్రశ్నోత్తరాల గైడ్లు పరీక్షకు ముందు నెలలో పనికొస్తాయి, లేబర్ రూమ్‌లో పనికిరావు.

ధర తగ్గుతుందని కోఠీలోనో విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకం కొనాలనిపించడం సహజమే, అందులో తప్పేమీ లేదు. కానీ డబ్బు ఇవ్వడానికి ముందు మూడు చోట్ల తెరిచి చూడండి. మొదటిది, నొప్పులు చురుకైన దశకు చేరినట్టు గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకున్నప్పుడు లెక్కిస్తున్నారో చూడండి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ హద్దును 5 సెంటీమీటర్లుగా పేర్కొంది. గంటకు 1 సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే ఏదో లోపమున్నట్టే అన్న పాత కొలమానాన్ని కూడా పక్కనపెట్టింది. రెండోది, బొడ్డుతాడుకు క్లాంపు ఎప్పుడు వేయమంటున్నారో చూడండి. బిడ్డ పుట్టగానే అని రాసి ఉంటే ఆ పేజీ పాతబడినట్టే. బిడ్డకు వెంటనే శ్వాస అందించవలసిన పరిస్థితి లేకపోతే కనీసం 1 నిమిషం ఆగాలన్నది ఇప్పటి సూచన. మూడోది, తొలిచూలు అనగానే ఎపిసియోటమీ (బిడ్డ బయటికి రావడానికి యోనిద్వారం దగ్గర పెట్టే కోత) చేయమంటున్నారేమో చూడండి. సహజ కాన్పుల్లో దాన్ని అలవాటుగా చేయరాదని అదే 2018 సూచనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఈ మూడింటిలో రెండు తప్పిన పుస్తకాన్ని అక్కడే పెట్టేయండి. కటి ఎముకల కొలతలు, బిడ్డ తల తిరుగుతూ కిందికి దిగే తీరు మాత్రం ఎన్ని ముద్రణలు వచ్చినా మారవు కాబట్టి, వాటి బొమ్మల కోసమే అయితే సీనియర్ దగ్గరున్న పాత ముద్రణ అరువు తెచ్చుకున్నా సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం భావ్యం కాదు. మీరు పనిచేసే వార్డులో కాన్పు సాగే తీరును 4 సెంటీమీటర్ల దగ్గర నుంచి గీసే పార్టోగ్రాఫ్ అనే పటమే కేస్ షీట్‌లో ఉండవచ్చు, పరీక్షలో కూడా అదే అడగవచ్చు. అప్పుడు వార్డు పద్ధతిని పాటిస్తూనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ అనే నమోదు పత్రాన్ని నింపడం కూడా నేర్చుకోండి. రెండింటికీ తేడా ఎక్కడుందో, ఎందుకుందో చెప్పగల విద్యార్థినిని ఏ పరీక్షకుడూ తప్పుపట్టడు.

ఆ గైడ్, దాన్ని నింపే పద్ధతిని వివరించే చిన్న పుస్తకం, 2016 నాటి గర్భిణీ సంరక్షణ సూచనలు, 2022 నాటి బాలింత సంరక్షణ సూచనలు – ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగానే ఇస్తుంది. హెస్పేరియన్ సంస్థ ప్రచురించిన ఎ బుక్ ఫర్ మిడ్‌వైవ్స్ కూడా ఉచితమే. ఆసుపత్రికి దూరంగా, తక్కువ సాధనాలతో పనిచేసేవారి కోసం రాసింది కాబట్టి భాష సులువుగా, బొమ్మలు విరివిగా ఉంటాయి. ఇంగ్లిష్ భయం ఉన్నవారు మైల్స్‌కు ముందు దీనితో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. సేఫ్ డెలివరీ యాప్‌ను ఒకసారి ఫోన్‌లోకి దించుకుంటే నెట్ లేకున్నా వీడియోలు చూడవచ్చు. మాయను చేత్తో తీయడం వంటివి పేజీలో చదివినదానికన్నా చూసినప్పుడే అర్థమవుతాయి.

ఇక జర్నళ్ల విషయం. పుస్తకం ఎంత కొత్తదైనా అచ్చయిన రోజు దగ్గరే ఆగిపోతుంది. ఉదాహరణకు, కాన్పు తరువాతి రక్తస్రావంపై ఇ–మోటివ్ అనే అధ్యయనం 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలోని 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా సహజ కాన్పుల మీద జరిపిన ఈ అధ్యయనంలో, రక్తాన్ని కంటి అంచనాతో కాకుండా కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిలో పట్టి కొలిచి, హద్దు దాటగానే గర్భాశయ మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా కలిపి అందించారు. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట తెరిచే శస్త్రచికిత్స, లేదా దానివల్ల మరణం – ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎదురైనవారు మామూలు పద్ధతి పాటించిన చోట 4.3 శాతం ఉండగా, ఈ కొత్త పద్ధతి పాటించిన చోట 1.6 శాతమే ఉన్నారు. 2020లో అచ్చయిన మైల్స్‌లో ఇది ఉండే వీలే లేదు. జర్నల్ అవసరం ఇటువంటి చోట వస్తుంది.

అయినంతమాత్రాన ఏదో ఒక జర్నల్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదవనవసరం లేదు. లేబర్ రూమ్‌లో ఎదురైన ఒక్క ప్రశ్న పట్టుకుని వెతకండి. ఎక్కువసేపు నిలబడి నడిచిన తల్లికి నొప్పుల వ్యవధి తగ్గిందా, పదేపదే లోపలి పరీక్ష చేయడం వల్ల మేలు జరిగిందా వంటి ప్రశ్నలు మీ లాగ్ బుక్ నిండా దొరుకుతాయి. పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల వెబ్‌సైట్‌లో వెతికి, ఉచితంగా తెరుచుకునే వ్యాసాలను ఎంచుకోండి. బీఎంసీ ప్రెగ్నెన్సీ అండ్ చైల్డ్‌బర్త్, యూరోపియన్ జర్నల్ ఆఫ్ మిడ్‌వైఫరీ పూర్తిగా ఉచితం. మిడ్‌వైఫరీ, విమెన్ అండ్ బర్త్, బర్త్ అనే మూడూ నాణ్యమైనవే కానీ వాటిలో చాలా వ్యాసాలకు రుసుము ఉంటుంది. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13 వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి కనుక, మీ శిక్షణ సంస్థ అందులో ఉందో లేదో చేరిన మొదటి వారంలోనే లైబ్రేరియన్‌ను అడగండి. పదిహేను రోజులకు ఒక వ్యాసం చొప్పున చదివితే చాలు.

భాష గురించి మీరు భయపడుతున్నంత కష్టం ఉండదు. ఒక ప్రశ్నపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కొక్రేన్ సమీక్షలకు సామాన్యుల కోసం తేలిక మాటల్లో రాసిన సారాంశం జతగా ఉంటుంది. ముందు అది చదివి, తరువాత అసలు వ్యాసంలో ఎవరి మీద ప్రయోగం చేశారు, దేన్ని దేనితో పోల్చారు, ఏం తేలింది అన్న మూడు విషయాలు మాత్రం వెతికి, వాటిని తెలుగులోనే నోటుపుస్తకంలో రాసుకోండి. అమెరికాలోని జర్నల్ ఆఫ్ మిడ్‌వైఫరీ అండ్ విమెన్స్ హెల్త్, తల్లులకు ఇవ్వడానికని ఆస్క్ ద మిడ్‌వైఫ్ (పాత పేరు షేర్ విత్ విమెన్) పేరుతో చిన్న పత్రాలు ప్రచురిస్తుంది. అవి చదివి, మీ వార్డుకు వచ్చే చూలింతకు అర్థమయ్యేలా మీ మాటల్లో చెప్పడం అలవాటు చేసుకుంటే, తెలుగు మీడియం చదువు మీకు అడ్డంకి కాకపోగా అదనపు బలమవుతుంది. ఎందుకంటే రేపు ఆ చూలింతతో మీరు మాట్లాడవలసింది తెలుగులోనే.

చివరగా ఆ మెయిల్. దానికి జవాబివ్వకండి. పేరున్న ఉచిత జర్నళ్లు కూడా రచయితల నుంచి రుసుము తీసుకుంటాయి, కాబట్టి రుసుము అడగడమొక్కటే మోసానికి గుర్తు కాదు. కానీ ఇంకా శిక్షణలో చేరని విద్యార్థిని రాయని వ్యాసాన్ని కోరి, దాన్ని ఎవరు పరిశీలిస్తారో చెప్పకుండా, వారంలో అచ్చు వేస్తామనే జర్నల్‌కు కావలసింది మీ వ్యాసం కాదు. మున్ముందు నిజంగా రాయదగిన కేసు ఎదురైతే ముందుగా ఆ తల్లి రాతపూర్వక అనుమతి తీసుకుని, మీ ట్యూటర్‌కు చూపించి, పంపదలచిన జర్నల్ మెడ్‌లైన్ అనే వైద్య జర్నళ్ల సూచికలోనో డీఓఏజే అనే ఉచిత జర్నళ్ల జాబితాలోనో ఉందో లేదో ఆ జాబితాల్లోనే సరిచూసుకుని అప్పుడు పంపండి. జర్నల్ తన వెబ్‌సైట్‌లో తానే రాసుకున్న మాటను లెక్కలోకి తీసుకోకండి.