కాకి లెక్కలతో కెరీరా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు, జువాలజీ. పక్షులకు లెక్కలు వస్తాయా అన్నదాని మీద పరిశోధన చేస్తానంటోంది. ఈ కాకి లెక్కలు నమ్ముకుంటే ఉద్యోగం ఎవరిస్తారని టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు: కాకి లెక్కలంటే మనకు దొంగ లెక్కలే గానీ, కాకులకు నిజంగానే లెక్క తెలుసండీ. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ నీడర్ బృందం కాకులకు ఒక గుర్తు చూపి, దాన్నిబట్టి ఒకటి నుంచి నాలుగుసార్లు అరవడం, అయ్యాక తెర మీద ముక్కుతో పొడవడం నేర్పింది. మొదటి అరుపు తీరును బట్టే మొత్తం ఎన్నిసార్లు అరవబోతోందో పసిగట్టవచ్చట!

అయితే ఈ రంగంలో సగం పని అనుమానించడమే. 1900ల మొదట్లో బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం కూడికలకు గిట్టతో తట్టి జవాబు చెప్పేది. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదని ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో బయటపెట్టాడు. సరైన అంకె రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే కాస్త కదిలేది. గుర్రం అది చూసి ఆపేసేది.

ఇప్పుడు పక్షికి మూడు నల్ల చుక్కలు ఒకవైపు, ఐదు ఒకవైపు చూపారనుకోండి. ఐదువైపే వెళ్లింది. లెక్కపెట్టిందా, నలుపు ఎక్కువున్న వైపు వెళ్లిందా? చుక్కల సైజు మార్చి నలుపు సమానం చేస్తే, ఈసారి వాటి మధ్య ఎడంలో తేడా వస్తుంది. అదీ సరిచేయాలి. అలాంటి బొమ్మలు వందలకొద్దీ కావాలి, వాటికి కోడ్ రాయాలి. కాబట్టి స్టాటిస్టిక్స్, పైథాన్ (కోడ్ రాసే ఒక భాష) ఇప్పుడే మొదలుపెట్టమనండి. పీహెచ్‌డీ తర్వాత కూడా శాశ్వత పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఆ మాట దాచను. కానీ ఈ రెండూ వచ్చినవాళ్లకు డేటా ఉద్యోగాల దారి ఎలాగూ ఉంటుంది.

జువాలజీయే కావాలనీ లేదు. అలెక్స్ అనే చిలుకతో 30 ఏళ్లు పనిచేసిన ఐరీన్ పెపర్‌బర్గ్ పీహెచ్‌డీ కెమిస్ట్రీలో!

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. రెండు గిన్నెల్లో రెండు, ఐదు గింజలు పెట్టి, పక్షి ఎటు వెళ్తోందో రోజూ రాసుకోమనండి. గింజలతో పనిలేకుండా అది ఎప్పుడూ ఎడమ గిన్నెకే పోతోందని పదో రోజున తేలవచ్చు. విసుగొచ్చి పుస్తకం మూసేస్తే వేరే కోర్సులు చూద్దాం. గిన్నెలు అటూ ఇటూ మార్చి మళ్లీ మొదలుపెడితే మాత్రం నాకు రాయండి, ఎక్కడెక్కడ దరఖాస్తు చేయాలో కూర్చుని చూద్దాం.