పశ్చిమ ఆఫ్రికా పల్లెలో కోళ్ళూ మేకలూ: పిల్లలకు ఎలా చెప్పాలంటే

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాలుగో తరగతి పిల్లలకు పశ్చిమ ఆఫ్రికా పల్లెల్లో కోళ్ళనీ మేకల్నీ ఎలా పెంచుతారో చెప్పాలన్నావు. ముందుగా ఒకటి చెబుతాను. సింహాలు, ఏనుగుల బొమ్మలు తరగతికి తీసుకుపోకు. అవి చూశాక పిల్లల మనసు కోడి మీద నిలవదు. పటంలో బుర్కినా ఫాసో చూపించు. దాని కిందే ఘనా ఉత్తర భాగం ఉంటుంది. ఆ ప్రాంతంలో ఒక్క ఇల్లు ఎంచుకుని, పాఠమంతా ఆ వాకిట్లోనే నడుపు. అక్కడ వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. పండేవి జొన్న, సజ్జ, వేరుశనగ, బొబ్బర్లు. అన్నీ మన పిల్లలకు తెలిసినవే.

ఆ ఇంట్లో పదో పదిహేనో నాటుకోళ్ళు, కొన్ని గిన్నీ కోళ్ళు, నాలుగైదు మేకలు, ఒకటి రెండు గొర్రెలు ఉంటాయనుకో. కాస్త కలిగినవాళ్ళకు దుక్కిటెద్దులు కూడా ఉంటాయి. ఇన్ని రకాలెందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఉప్పుకో సబ్బుకో డబ్బు కావాలంటే కోడిని అమ్ముతారు, చుట్టం వస్తే కోస్తారు. బడి ఫీజుకు, ఆస్పత్రి ఖర్చుకు మేక. పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని జులై, ఆగస్టు నెలల్లో మేకను అమ్మి జొన్నలు కొనుక్కుంటారు. ఎద్దు జోలికి పెద్ద కష్టం వస్తేనే పోతారు. ఇది అర్థమైతే మిగతా పాఠం సగం తేలికైపోతుంది.

కోడికి మాత్రం ఎక్కువ సమయం ఇవ్వు. పిల్లలకు తలా పన్నెండు చింతగింజలు పంచి, అవి గుడ్లని చెప్పు. నాటుకోడి ఒక విడతకు పెట్టేది దాదాపు అన్నే. ఇరవై ఒక్క రోజులు పొదిగాక పది పిల్లలయ్యాయనుకుని, రెండు గింజలు తీసేయమను. తర్వాత ఒక్కో ఆపద చెబుతూ గింజలు తీయిస్తూ పో. గద్ద రెండింటిని తన్నుకుపోయింది. రాత్రి వానకు తడిసి ఒకటి చచ్చింది. పిల్లి ఒకదాన్ని పట్టుకుపోయింది. మేత చాలక నీరసించి రెండు పోయాయి. చివరికి ప్రతివాడి చేతిలో నాలుగు గింజలు మిగులుతాయి. ఇది అతిశయోక్తి కాదు. విడిచిపెట్టి పెంచే పల్లెకోళ్ళలో సగానికి పైగా పిల్లలు రెండు నెలలు నిండకముందే పోవడం మామూలే. ఇప్పుడు "ఎలా కాపాడతారు?" అని పిల్లల్నే అడుగు. గంప కింద మూయడం గురించి ఎవరో ఒకరు తప్పక చెబుతారు. అక్కడా అదే పని చేస్తారు. మొదటి మూడు నాలుగు వారాలు కోడిపిల్లల్ని తల్లితో సహా గంప కింద ఉంచి, లోతులేని మూకుట్లో నీళ్ళు పెడతారు. మూకుడు లోతుగా ఉంటే పిల్లలు అందులో పడి చస్తాయి.

తర్వాత మేత సంగతి. ఇది పిల్లలు ఎన్నటికీ మరిచిపోరు, కాబట్టి తొందరపడకుండా చెప్పు. ఎదిగే కోడిపిల్లకు గింజ ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. అందుకని అక్కడివాళ్ళు చెదలు పడతారు. చిన్న మట్టికుండలో ఎండిన పేడ ముక్కలు, జొన్న దంటు తునకలు, మొక్కజొన్న బెండ్లు కూరి, చేత్తో నొక్కి, పైన నీళ్ళు చిలకరిస్తారు. సాయంత్రం చెదలు తిరిగే చోట మట్టి కొంచెం గీకి, వాటి దారి కనబడగానే కుండను దాని మీద బోర్లిస్తారు. గాలికి కదలకుండా పైన రాయి పెడతారు. చెదలు తేమకూ మేతకూ రాత్రంతా పైకి ఎక్కుతాయి. పొద్దున్నే ఎండ ముదరకముందే కుండ ఎత్తి, కోడిపిల్లల ముందు దులుపుతారు. ఆలస్యమైతే కుండ వేడెక్కి చెదలు మళ్ళీ మట్టిలోకి దిగిపోతాయి, లేదా చీమలు చేరి వాటిని తినేస్తాయి. తడి తక్కువైతే చెదలు అసలు ఎక్కవు. కుండ నింపడం తరగతిలోనే చేసి చూపించు. బయట బోర్లించాలనిపిస్తే చెదపట్టిన కట్టెలున్న చోట బోర్లించు. పుట్ట దగ్గరికి మాత్రం పిల్లల్ని పోనివ్వకు. అందులో పాములుంటాయి.

గింజల ఆటలో ఇంకొక ఆపద ఉంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా ఎడారి వైపు నుంచి దుమ్ముతో కూడిన పొడిగాలి వీస్తుంది. దాని పేరు హర్మటాన్. కోళ్ళకు సోకే కొక్కెర తెగులు తరచుగా ఆ రోజుల్లోనే వస్తుంది. వస్తే ఇల్లిల్లూ ఖాళీ చేసిపోతుంది. దీనికి ఐ-2 అనే టీకా ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో తయారైంది. మామూలు టీకాల కంటే వేడికి బాగా తట్టుకుంటుంది కనుక ఫ్రిజ్ లేని పల్లెలకు ఇది పెద్ద మేలు. కంట్లో ఒక్క చుక్క వేస్తే చాలు, నాలుగు నెలలకోసారి మళ్ళీ వేయాలి. చాలామంది తెగులు మొదలయ్యాక టీకా వేయించి, పని చేయలేదంటారు. అప్పటికే రోగం సోకిన కోడిని టీకా బతికించదు. అందుకే హర్మటాన్‌కు ముందే, ఊరి కోళ్ళన్నిటికీ కలిపి వేయించాలి.

గిన్నీ కోడి గురించి ఒక్క మాట చాలు. గుడ్లు వానాకాలంలోనే పెడుతుంది, అదీ గడ్డిలో దాచి. పొదగడం కొంచెం నిర్లక్ష్యం కాబట్టి దాని గుడ్లను నాటుకోడి కింద పెడతారు. ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. ఆ కోడిపిల్లలకు చలీ తడీ అసలు పడవు.

మేకను పంట ఉన్నన్నాళ్ళూ గుంజకు కడతారు, కోతలయ్యాక వదిలేస్తారు. కట్టకపోతే పొరుగింటి జొన్నచేలో పడి తగువు తెస్తుంది. తాడు మూడు నాలుగు మీటర్లుండాలి, దగ్గర్లో పొదలు ఉండకూడదు. ఉంటే తాడు చుట్టుకుని మెడ బిగుసుకుంటుంది. నీడ, నీళ్ళు అందేలా చూడాలి, రోజూ గుంజ మార్చాలి. ఈ పని చాలా ఇళ్ళలో మీ పిల్లల ఈడువాళ్ళదే. మన మేకలకు వచ్చే పారుడు వ్యాధి, అదే పి.పి.ఆర్., మొదట 1942లో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లోనే గుర్తించారని చెప్పు. మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. అక్కడి మేకల కాపరికీ మన కాపరికీ కష్టం ఒక్కటేనని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

తీరం వైపు అడవి ప్రాంతాల సంగతి వేరు. అక్కడ సెట్సీ ఈగ కుట్టి పశువులకు జబ్బు చేస్తుంది, కాబట్టి ఆ జబ్బును తట్టుకునే పొట్టి మేకల్ని పెంచుతారు. వాటికి కర్రపెండలం తొక్క వేస్తారు. మన సగ్గుబియ్యం వచ్చేది ఆ దుంప నుంచే. పచ్చి తొక్కలో విషం ఉంటుంది, రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టాకే వేయాలి.

సమయం మిగిలితే నైజర్ దేశంలో పశువులు మేపుకునే ఫులానీల హబ్బనాయే అనే ఆచారం గురించి చెప్పు. పశువులు పోగొట్టుకున్నవాడికి బంధువో స్నేహితుడో ఒక ఆడపశువును ఇస్తాడు. అది రెండు మూడు ఈతలు ఈనాక తల్లి తిరిగి యజమానికి పోతుంది, పిల్లలు పెంచినవాడికే ఉంటాయి. మన ఊళ్ళలో పాలుకు, అంటే వాటాకు, పెంచేవాళ్ళు పిల్లల్ని పంచుకుంటారు కదా, ఇక్కడ ఆ పంపకం ఉండదు.

"ఆ మేకను కోస్తారా?" అని ఎవరైనా అడిగితే దాచకు. కోస్తారు, పండగకు, పెళ్ళికి, చావుకు. చాలా ఇళ్ళలో మాంసం రోజూ ఉండదు. "పాపం, బీదవాళ్ళు" అని ఎవరైనా అంటే, మళ్ళీ ఆ చెదల కుండ చేతికిచ్చి, అది ఎలా పనిచేస్తుందో వాళ్ళనే చెప్పమను.

మీ పెదనాన్న

తా.క. చింతగింజలు కొన్ని ఎక్కువే పెట్టుకో. రెండో ఆటలో గంప, చెదలు, టీకా కలిపి లెక్క వేయించి, ఎన్ని మిగిలాయో బల్ల మీద రాయించు.