మీ మేడమ్‌గారి గురించి ఎలా రాయాలంటే

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ మేడమ్‌గారి పేరును అవార్డుకు సిఫారసు చేసే పని నీకు అప్పగించారని, పదవీ విరమణ సభలో చదివే సన్మాన పత్రం కూడా నువ్వే రాయాలని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. 'బహుముఖ ప్రజ్ఞాశాలి, నిరంతర పరిశ్రమకు మారుపేరు, వైద్య విజ్ఞాన రంగానికి విశేష సేవలందించిన విదుషీమణి' అని మొదలుపెట్టావు. అక్కడ ఆవిడ పేరు తీసేసి ఇంకే డాక్టరుగారి పేరు పెట్టినా ఆ వాక్యం చక్కగా అతుకుతుంది. ఆవిడ ఏం కనుక్కున్నారో మూడో పేజీ దాకా తెలియలేదు. దాన్ని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టు.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనూ, విరమించిన తర్వాతా ఎంపిక సంఘాల్లో చాలాకాలం కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. అక్కడ దరఖాస్తులు కట్టలు కట్టలుగా వస్తాయి. సభ్యులందరూ ఆ రంగం వాళ్ళే ఉండరు. గుండె డాక్టరు పురుగుల మీద పరిశోధనను, ఎముకల డాక్టరు రక్తం మీద పరిశోధనను చదవాల్సి వస్తుంది. ఈవిడ పని మొదలుపెట్టేనాటికి ఏ సంగతి తెలియదు, ఈవిడ చేశాక ఏం తెలిసింది, దాని వల్ల ఎవరి వైద్యం ఎలా మారింది అన్నది వాళ్ళకు మొదటి పేజీలోనే అందాలి. విశేషణాలన్నీ ఒకదానిలాగే మరొకటి వినిపిస్తాయి కాబట్టి వాటి మీద ఎవరి చూపూ నిలవదు.

మేడమ్‌గారి పని బోదకాలు మీద. కాబట్టి రాత్రి నుంచి మొదలుపెట్టు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి ఉండి, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, రాత్రి పది దాటాక, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. పగలు రక్తం తీస్తే రోగం ఉన్నవాడికీ లేనట్టే కనబడుతుంది. అందుకే ఆవిడ బృందం గోదావరి పల్లెల్లో జనం నిద్రపోయే వేళకు తలుపులు తట్టింది. వేలి కొస మీద గుచ్చి, వచ్చిన చుక్కను గాజు పలక మీద మందంగా పరిచి, ఆరబెట్టి, తర్వాత నీళ్ళలో ఉంచి ఎరుపంతా పోయేలా చేసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పురుగు పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. అర్ధరాత్రి ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి సూది గుచ్చుతామంటే నిద్రపోతున్న పిల్లవాడి చేతిని ఏ తల్లి చాపుతుంది? చాపేదాకా ఆ ఊళ్ళో నమ్మకం ఎలా సంపాదించారో మేడమ్‌గారిని అడిగి రాసుకో. పరిశోధన పత్రంలో అది 'రాత్రి రక్త సర్వే జరిపారు' అన్న ఒక్క వాక్యమై పోయి ఉంటుంది. ఆవిడ ప్రతిభలో సగం ఆ వాక్యం వెనకే ఉంది.

ఆ సర్వేలో పురుగు కనబడినవాళ్ళకు ఇచ్చిన డీఈసీ మాత్ర చరిత్ర నీకు తెలుసా? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న కాలంలో అక్కడినుంచి వెలువడిన మందు అది. బోదకాలు ఎక్కువగా ఉన్న గోదావరి గడ్డ మీద పుట్టినవాడి ఆధ్వర్యంలో వచ్చిన మందు మళ్ళీ ఆ గడ్డకే చేరింది. సన్మాన పత్రంలో ఈ సంగతి రాస్తే సభలో ఉన్నవాళ్ళందరికీ మేడమ్‌గారి పని తమ ఇంటి మాటలా తోస్తుంది.

సుబ్బారావుగారి పేరు ఎత్తాను కాబట్టి ఆయన గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఒకరి ఘనతను ఎలా రాయాలో, ఎలా రాయకూడదో రెండూ ఆయన విషయంలో కనబడతాయి. నేను చదువుకున్న రోజుల్లో ప్రయోగశాలలో రక్తంలోని ఫాస్ఫరస్ కొలవడం ప్రతి విద్యార్థీ చేయవలసిన ప్రయోగం. సీరంలో ప్రోటీన్లను తీసేసి, వడకట్టిన ద్రవంలో మాలిబ్డేటు కలిపి, ఆపైన రంగు తెప్పించే ద్రావణం చుక్కలు వేస్తే పరీక్ష నాళికలో మెల్లగా నీలం తేలేది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. కలరీమీటరులో ఎర్ర ఫిల్టరు పెట్టి ఆ చిక్కదనం కొలిచి లెక్క కట్టేవాళ్ళం. రికార్డు పుస్తకంలో పైన 'ఫిస్కే - సుబ్బారావు పద్ధతి' అని రాసి గీత గీసేవాళ్ళం. ఆ సుబ్బారావు మనవాడని మా తరగతిలో చాలామందికి తెలియదు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన పద్ధతి అది. దాన్ని సాధనంగా చేసుకునే వాళ్ళిద్దరూ 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. అంత పని చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుగారికి శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి వెళ్ళిపోయారు. 1948లో, యాభై మూడేళ్ళకే, కన్నుమూశారు.

ఆయన తన పేరును ముందుకు తోసుకునే మనిషి కాదు. ఆయన చనిపోయాక చాలాకాలం మనవాళ్ళు మరిచిపోయారు. గుర్తొచ్చాక ప్రతిదీ ఆయన ఒక్కరే కనిపెట్టారని రాయడం మొదలుపెట్టారు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందును మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి వెలికితీసింది బెంజమిన్ డగ్గర్. ఆ అన్వేషణ సుబ్బారావుగారు నడిపిన సంస్థలో జరిగింది. పిల్లల రక్త క్యాన్సరు మీద అమినోప్టెరిన్‌ను ప్రయోగించి 1948లో ఫలితాలు ప్రకటించింది బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్. ఆ మందును తయారు చేసి ఇచ్చింది సుబ్బారావుగారి బృందం. ఎవరిది వాళ్ళకు రాసినా ఆయన ఎత్తు అంగుళం కూడా తగ్గదు. ఒక్కరి ఖాతాలోనే అంతా వేస్తే మాత్రం, చదివే పరాయి దేశపు శాస్త్రవేత్త ఒక తప్పు పట్టుకోగానే మిగతా నిజాలను కూడా నమ్మడు. మీ మేడమ్‌గారి విషయంలో అలా జరగనివ్వకు. ఫలానా ఫలితం వేరొకరు కూడా అదే సమయంలో సాధించి ఉంటే ఆ మాట నువ్వే రాయి. ఒక మందు పరీక్షలో ఆవిడ బాధ్యత రోగుల ఎంపిక, రక్త పరీక్షలు అయితే అంతే రాయి. దానికే విలువ ఉంది.

ఇక ఆధారాల సంగతి. మేడమ్‌గారి ఇంటికి వెళ్ళి పాత నోటు పుస్తకాలు చూపించమని అడుగు. సర్వే రిజిస్టర్లు, ఉత్తరాలు, కాగితం అంచున పెన్సిలుతో రాసుకున్న అనుమానాలు, ఏవీ వదలకు. కావలసిన పేజీలను ఫోటో తీసుకో. రోగుల పేర్లు ఉన్న పేజీలను మాత్రం బయట పెట్టకు. చేతిరాత పుస్తకాలకు ఎంత బలముందో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ విషయంలో తెలిసింది. ఆయన కృషితో 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో పరీక్షనాళిక శిశువు పుట్టింది. ఇంగ్లండులో ప్రపంచపు తొలి పరీక్షనాళిక శిశువు లూయీస్ బ్రౌన్ పుట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ప్రభుత్వం వేసిన సంఘం ఆయన మాట నమ్మలేదు. ఆయనను సంబంధం లేని కంటి వైద్య విభాగానికి బదిలీ చేశారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబయిలో హర్ష పుట్టినప్పుడు దేశంలో తొలి పరీక్షనాళిక శిశువుగా అందరూ ఆ బిడ్డనే చెప్పుకున్నారు. ఆ విజయం వెనక ఉన్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ 1997లో సుభాష్‌గారి చేతిరాత నోట్సు చదివారు. చదివి, ఇది నిజంగా జరిగిందని, తొలి ఘనత సుభాష్‌గారిదేనని స్వయంగా వ్యాసం రాసి ప్రచురించారు. తన పేరు మీదున్న 'తొలి' అన్న మాటను తన చేత్తో తీసి మరొకరికి ఇచ్చారు. వైద్య పరిశోధనలో ఒకరిని గుర్తించడమంటే నాకు ముందుగా మెదిలేది ఆయనే. ఆ కాగితాలు చెదలు పట్టి ఉంటే ఆయన మాత్రం ఏం చేయగలిగేవారు? మేడమ్‌గారు ఆరోగ్యంగా, జ్ఞాపకంతో ఉండగానే ఈ పని నీ చేతికి రావడం అదృష్టం.

ఆవిడ దగ్గర పనిచేసిన ల్యాబ్ టెక్నీషియన్లనూ, దోమలు పట్టిన క్షేత్ర సిబ్బందినీ కూడా వెతికి పట్టుకో. రిటైరై ఏ ఊళ్ళో ఉన్నారో కాలేజీ ఆఫీసులో కనుక్కోవచ్చు. ఏ పరిశోధన పత్రంలోనూ రచయితలుగా వీళ్ళ పేర్లుండవు, మహా అయితే చివర కృతజ్ఞతల్లో ఉంటాయి. ఏ ఊళ్ళో ఎందుకు రెండోసారి సర్వే చేయాల్సి వచ్చిందో, ఏ ఫలితాన్ని మేడమ్‌గారు నమ్మక మళ్ళీ చేయించారో వీళ్ళకే తెలుసు. మలేరియా పరాన్నజీవి దోమ పొట్టలో ఉందని సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ చూశాడని మనం చదువుకున్నాం. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున తీసుకున్న ఆ మనిషి పేరు ఈనాటికీ మిగిలిందంటే రాసిపెట్టారు కాబట్టే. సిఫారసు పత్రంలో స్థలం లేకపోతే సన్మాన పత్రంలోనైనా సిబ్బంది పేర్లు పెట్టు.

అంకెల గురించి మీ విభాగాధిపతి పట్టుబడతారని నాకు తెలుసు. ఎన్ని పత్రాలు, ఏ పత్రికలో, పత్రాలను ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే హెచ్-ఇండెక్స్ ఎంత? ఫారంలో గడి ఉంటే నింపు, అక్కడితో వదిలేయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరానికి వచ్చినప్పుడు కలరాతో మనుషులు కుప్పకూలుతుంటే సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొడిని నీళ్ళలో కలిపి తాగించారు. ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. ఆ పనిని పత్రికల కొలమానంతో కొలిస్తే ఏం తెలుస్తుంది? ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది 2023 జనవరిలో. అప్పటికి ఆయన పోయి మూడు నెలలైంది. అందుకే ఆలస్యం చేయవద్దని నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. పద్మ పురస్కారాలకు ఎవరైనా సిఫారసు చేయవచ్చు, పెద్దల సంతకాలు అక్కర్లేదు. 800 పదాలకు మించకుండా ఆ మనిషి చేసిన పని రాయాలి. ఈ అవార్డు అయ్యాక దానికీ పంపు.

ఒక చిన్న విషయం, ఆడవాళ్ళ విషయంలో తరచు జారిపోయేది. పెళ్ళికి ముందు మేడమ్‌గారు వేరే ఇంటిపేరుతో పత్రాలు రాసి ఉండవచ్చు. రెండు పేర్లతోనూ వెతుకు. పిల్లలు పుట్టిన ఏళ్ళలో పత్రాలు లేకపోతే సంజాయిషీలా రాయకు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా విరామమో చెప్పి ముందుకు సాగు.

రాసింది మేడమ్‌గారికి చూపించకుండా పంపవద్దు. ఆవిడ మొహమాటపడి సగం కొట్టేస్తారు. కొట్టేసినవాటిలో నిజం కానివి ఉంటే తీసెయ్యి, నిజమైనవైతే బతిమాలి ఉంచు. సన్మాన పత్రం తెలుగులోనే రాయి, ఐదు నిమిషాల్లో చదివేలా. సర్వే చేసిన ఊళ్ళ నుంచి కొందరినైనా సభకు పిలవమని కాలేజీ వాళ్ళకు చెప్పు. బస్సు ఏర్పాటుకు నేను డబ్బు పంపుతాను.

కొత్త ముసాయిదా అవగానే నాకు పంపు, దానితోపాటు ఆవిడ ముఖ్యమైన పత్రాల ప్రతులు కూడా. సంవత్సరాలు, అంకెలు ఒక్కొక్కటే నేను సరిచూసి వారంలో తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ